అరచేతిలో యుద్ధరథం

గోరంత ముక్కల నుంచి గుప్పెడంత వాహనం దాకా సాగే ప్లాస్టిక్ స్కేల్ మోడలింగ్‌లో గమ్ము, రంగు, మట్టి ఎంత అవసరమో ఓపిక అంతకు రెట్టింపు కావాలి. మన సంగారెడ్డి జిల్లాలో తయారయ్యే సైనిక వాహనాన్ని బల్ల మీద ముక్క ముక్కగా కూర్చుకుంటూ వెళ్తే ఏం తెలుస్తుందో చెప్పే కథనమిది.

జనవరి 26న కర్తవ్యపథ్ మీద సారథ్ వాహనం మన కళ్ల ముందు నిలిచేది పట్టుమని పదిహేను సెకన్లు. వ్యాఖ్యాత దాని పేరు చెప్పడం పూర్తయ్యేలోపే తెర మీదికి ఇంకోటి వచ్చేస్తుంది. అదే సారథ్ మా ఇంట్లో బల్ల మీద రెండు నెలలు ఉంది. ఆదివారం పొద్దున కాఫీ తాగి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా దానితోనే గడిచేది. అసలు వాహనం పొడవు 6.7 మీటర్లు, బరువు 14 టన్నులు. నా బల్ల మీది మోడల్ 19 సెంటీమీటర్లు. బరువు పావుకిలో కూడా ఉండదు. ఏళ్ల తరబడి టీవీలో చూసినా తెలియని సంగతులు ఆ రెండు నెలల్లో నా వేళ్లకు తెలిశాయి.

ఈ పనిలో దొరికే అసలు లాభం అదే. అల్మారాలో పెట్టుకునే బొమ్మ ఒకటి చివర్లో మిగులుతుంది, నిజమే. కానీ దానికన్నా ముందు, ఒక వస్తువును ఎలా చూడాలో తెలుస్తుంది.

ఎద్దుమైలారం బిడ్డ

ప్రపంచమంతటా మోడలర్లు ఎక్కువగా కట్టేవి రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ టైగర్, పాంథర్, అమెరికన్ షెర్మన్, రష్యన్ టీ-34 ట్యాంకులు. నేనూ వాటితోనే మొదలుపెట్టాను. ఒకరోజు అల్మారా వైపు చూస్తే, మన నేల మీద తయారైన వాహనం ఒక్కటీ లేదని అనిపించింది. అప్పుడు తీసుకున్నదే ఈ సారథ్.

దీని మూలం సోవియట్ బీఎంపీ-2. సైనికులను యుద్ధరంగం దాకా మోసుకెళ్లి, దిగిన తర్వాత వాళ్లకు అండగా కాల్పులు జరిపే వాహనం. లైసెన్సు తీసుకుని మన దేశంలో తయారుచేయడానికి ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో ఏర్పడింది. అప్పట్లో అది మెదక్ జిల్లా కాబట్టి పేరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్. జిల్లాల పునర్విభజన తర్వాత ఊరు సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లినా కర్మాగారం పాత పేరు అలాగే నిలిచింది. 2021 నుంచి ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద పనిచేస్తోంది. 1980ల చివరి నుంచి మన సైన్యానికి సారథ్‌లు ఇక్కడి నుంచే వెళ్తున్నాయి.

సారథ్ పైన గుండ్రంగా తిరిగే టరెట్‌కు 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది. పైన ట్యాంకులను ఛేదించే కొంకుర్స్ క్షిపణి గొట్టం ఉంటుంది. ఆ క్షిపణిని మన దగ్గర తయారుచేసేది భారత్ డైనమిక్స్ లిమిటెడ్, అదే జిల్లాలోని భానూరులో. వాహనం ఒక ఊరిది, క్షిపణి పొరుగూరిది. ఈ రెండింటినీ కలిపి ఒక బల్ల మీద చేస్తున్నప్పుడు, టైగర్ ట్యాంకు చేసినప్పుడు లేని దగ్గరితనం నా చేతుల్లోకి వచ్చింది.

బ్యాటరీలు తేల్చిన కొలత

సైనిక వాహనాల మోడళ్లు ఎక్కువగా 1:35 కొలతలో వస్తాయి. అసలు వాహనంలో 35 సెంటీమీటర్లు ఉన్నది మోడల్‌లో ఒక సెంటీమీటరు అవుతుంది. పదీ ఇరవై కాకుండా ఈ 35 ఎక్కడిది? దీని పుట్టిల్లు జపాన్‌లోని షిజువోకా నగరం.

అక్కడ తమియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలైంది. ఆ తర్వాత చెక్క మోడళ్లు తయారుచేసింది. 1960లో యమతో యుద్ధనౌకతో ప్లాస్టిక్ బాట పట్టింది. 1961లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు తెచ్చింది. మోటారు తిరగాలంటే లోపల బ్యాటరీలు పట్టాలి. బ్యాటరీలు పట్టేంత వెడల్పుతో ట్యాంకును గీసి, తర్వాత లెక్క కట్టి చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు అని తేలింది. ఆ మోడల్ బాగా అమ్ముడుపోయింది. మిగతా సంస్థలూ అదే కొలతను అందుకున్నాయి. మోటార్లు పోయాయి, బ్యాటరీలు పోయాయి, 35 మాత్రం మిగిలింది.

ఆ సంస్థను ప్రపంచానికి పరిచయం చేసిన షున్‌సాకు తమియా 2025లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అమెరికాలో ఆబర్డీన్, ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ లాంటి ట్యాంకు ప్రదర్శనశాలలకు వెళ్లి, వాహనాల చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకుని వచ్చిన మనిషి ఆయన. ఒక పోర్షే 911 కారు మోడల్ కోసం అసలు కారునే కొని విప్పించి చూశారు. ఒక వస్తువును చిన్నది చేయాలంటే ముందు దాన్ని పూర్తిగా తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి. షిజువోకాలో ఏటా మే నెలలో జరిగే హాబీ ప్రదర్శనకు ఇవాళ్టికీ మోడలర్లు తాము చేసినవి తెచ్చి వరుసగా పేర్చుకుంటారు.

మనకు దగ్గర్లో అలా తిరిగి చూడదగ్గ చోటు మహారాష్ట్రలోని అహిల్యానగర్. పాత పేరు అహ్మద్‌నగర్. అక్కడి కావల్రీ ట్యాంక్ మ్యూజియం 1994 నుంచి ఉంది. పెయింటు కింద ఇనుము ఎలా ఉంటుందో, చక్రాల చుట్టూ తిరిగే గొలుసు ఎక్కడ అరుగుతుందో దగ్గర నిలబడి చూస్తే ఏ ఫొటో చెప్పలేనిది తెలుస్తుంది.

గమ్ము కాదు, కరుగు

కిట్టు పెట్టె తెరిస్తే ముక్కలు విడివిడిగా ఉండవు. కిటికీ చట్రం లాంటి ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని ఉంటాయి. వీటిని స్ప్రూలంటారు. కరిగించిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపినప్పుడు అది పారిన కాలువలే ఈ ఫ్రేములు. చిన్న కట్టర్‌తో ముక్కను రెండు విడతల్లో తెంపాలి. మొదట కాస్త దూరంగా, తర్వాత దగ్గరగా. ఒక్క దెబ్బలో తెంపితే ప్లాస్టిక్ తెల్లబడి ముక్క లోపలికి గుంట పడుతుంది. మిగిలిన మొటిమను కత్తితో చెక్కి, ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నున్నచేయాలి. సారథ్‌కు ఒక్కో వైపు ఆరు చొప్పున 12 రోడ్డు చక్రాలు. ప్రతి చక్రం అంచునా అచ్చు రెండు భాగాలు కలిసిన గీత ఉంటుంది. పన్నెండింటికీ గీత తీయడానికి నాకు ఒక పూట పట్టింది. అది తీయకపోతే ఎంత బాగా రంగు వేసినా చూసేవారికి బొమ్మలాగే కనిపిస్తుంది.

అతికించే ద్రవాన్ని అలవాటుగా గమ్ము అంటాం. నిజానికి అది అంటించదు, కరిగిస్తుంది. రెండు ముక్కలను దగ్గరగా పట్టుకుని సందు మీద కుంచె కొన తాకిస్తే, ద్రవం సందు వెంబడి తనంతట తానే పాకుతుంది. రెండు అంచులూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ద్రవం ఆరిపోయాక అది ఒకే ముక్క. ఇనుముకు వెల్డింగు ఎలాగో ప్లాస్టిక్‌కు ఇది అలా. రేకు ముక్కలకు మాత్రం సూపర్ గ్లూ కావాలి. సందులు పూడకపోతే లప్పం పెట్టి మళ్లీ రాయాలి.

ఇది మన తెలుగువాళ్లకు కొత్త విద్యేమీ కాదు. కొండపల్లిలో అంబారీ ఏనుగును ఒకే దుంగ నుంచి చెక్కరు. తెల్ల పొణికి కర్రతో తల, కాళ్లు, అంబారీ విడివిడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి సందులు పూడుస్తారు. ఆ తర్వాతే రంగు. అతుకు కనిపించకూడదన్న పట్టుదల అక్కడా ఇక్కడా ఒక్కటే.

అతుకు కనిపించాల్సిన చోటూ ఒకటుంది. సారథ్ ఒడలు ఉక్కు పలకలను వెల్డింగు చేసి కట్టింది. నేను మొదట ఆ అంచులను శుభ్రంగా, అద్దంలా చేశాను. ఆయుధ కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, వేలితో అంచు తడిమి అన్నారు: "గింత నున్నగ ఉండది బిడ్డా. వెల్డింగు గీత చేపపొలుసు లెక్క కనవడాలె."

ఆయన వెళ్లాక మళ్లీ కూర్చున్నాను. స్ప్రూ ముక్కను కొవ్వొత్తి మంట మీద వేడిచేసి లాగితే వెంట్రుకలాంటి పోగు వస్తుంది. దాన్ని అంచు వెంట పరిచి, ద్రవంతో మెత్తబరిచి, కత్తి మొనతో వరుసగా నొక్కుతూ పోయాను. చేపపొలుసులు తేలాయి. ఆ గీత పొడవు మూడంగుళాలు. దాని వెనక ఒక కార్మికుడు జీవితమంతా చేసిన పని ఉంది.

దూరాన్ని రంగులో చూపాలి

అతుకులన్నీ అయ్యాక బూడిదరంగు ప్రైమర్ పడుతుంది. ప్రైమర్ తప్పులన్నీ చెప్పేస్తుంది. మిగిలిన గీత, పూడని సందు, వేలిముద్ర ఏదీ దాగదు. వాటిని సరిచేశాక లోపలి మూలల్లో, చక్రాల వెనక నల్లటి నీడ వేసి, ఆ పైన అసలు రంగు.

మన వాహనాల ముదురు ఆకుపచ్చను డబ్బాలో ఉన్నది ఉన్నట్టు వేస్తే మోడల్ నల్లగా, ముద్దగా కనిపిస్తుంది. కారణం గాలి. దూరపు కొండ దగ్గరి కొండ కన్నా పాలిపోయి కనిపిస్తుంది కదా! మోడల్‌ను అడుగు దూరంలో పెట్టుకుని చూడటమంటే అసలు వాహనాన్ని 35 అడుగుల అవతల నుంచి చూడటం. ఆ దూరాన్ని రంగులో చూపాలి. అందుకే ఆకుపచ్చలో కొంచెం లేత పసుపు కలిపాను. పైకి చూసే పలకలకు ఇంకొంచెం లేతగా, కింది భాగాలకు ముదురుగా వేశాను. ఎండ పై నుంచి పడుతుంది కాబట్టి.

రంగు పాలంత పలచగా ఉండాలి. ఎయిర్ బ్రష్ ఉంటే తెరలు తెరలుగా చల్లవచ్చు. లేకపోతే వెడల్పాటి మెత్తని కుంచెతో మూడు పలచని పూతలు, ప్రతి పూతా ఆరనిచ్చి. ఒక్కసారే చిక్కగా వేస్తే నేను కష్టపడి తేల్చిన చేపపొలుసులన్నీ రంగు కింద మునిగిపోయేవి.

వానాకాలంలో వార్నిష్ జోలికి వెళ్లకూడదని ఈ మోడల్ మీదే నేర్చుకున్నాను. ముసురు పట్టిన సాయంత్రం మ్యాట్ వార్నిష్ కొడితే, గాలిలో తేమకు పొగమంచు కమ్మినట్టు పలకలన్నీ తెల్లబడ్డాయి. వారం తర్వాత ఎండ కాసిన రోజున పైన మెరిసే గ్లాసీ వార్నిష్ పలచగా వేస్తే ఆ తెలుపు చాలావరకు కరిగిపోయింది.

కిట్టులో వచ్చిన స్టిక్కర్లు రష్యా సైన్యానివి. మన సైనిక వాహనం నంబరు వేరు. మొదట పైకి చూసే బాణం గుర్తు, ఆ పక్కన సంవత్సరాన్ని సూచించే రెండంకెలు, తర్వాత అక్షరం, వరుస సంఖ్య. రోడ్డు మీద ఆర్మీ లారీ వెళ్తుంటే ఆ బాణాన్ని మీరూ చూసే ఉంటారు. దాన్ని చేత్తోనే రాయాల్సి వచ్చింది. రెండు వెంట్రుకల కుంచె, ఊపిరి బిగబట్టి ఒక్కో అంకె. ఆ బాణం గుర్తు పడగానే అది మన సారథ్ అయింది.

మట్టికి ఊరు తెలుసు

కొత్తగా మెరిసే సైనిక వాహనం కర్మాగారం గేటు దగ్గరో కవాతులోనో కనిపిస్తుంది. మిగతా కాలమంతా అది మట్టిలోనే. అందుకే రంగు వేశాక దాన్ని పాతబరచాలి. మోడలర్లు దీన్ని వెదరింగ్ అంటారు. ఈ కళకు గురువులున్నారు. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ పలచని ముదురు రంగును సందుల్లోకి పారించడం, ఆరిన కుంచెతో అంచుల మీద లేతరంగు అద్దడం ప్రచారంలోకి తెచ్చారు. షికాగోకు చెందిన షెపర్డ్ పెయిన్ మోడల్ చుట్టూ ఒక సన్నివేశాన్ని కట్టడం నేర్పారు. స్పెయిన్‌కు చెందిన మిగ్ హిమేనెస్ తుప్పును, దుమ్మును పొడిరంగులతో నిజానికి దగ్గరగా తెచ్చారు.

ఎవరి పద్ధతి పట్టుకున్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ వాహనం ఎక్కడ తిరిగింది? కనిపించిన చోటల్లా తుప్పు పూస్తే అబద్ధం అవుతుంది. సైన్యం తన వాహనాన్ని రోజూ తుడుస్తుంది, నూనె పెడుతుంది. రంగు పోయేది మనుషులు తాకే చోట. బూటు పెట్టి ఎక్కే అంచు, చేయి వేసి తెరిచే మూత, టరెట్ అంచు. అక్కడ చిన్న స్పాంజి ముక్కతో ముదురు గోధుమ రంగును అద్దితే పెచ్చు లేచినట్టు కనిపిస్తుంది. గొలుసులో నేలను తాకే భాగం మాత్రం రాపిడికి మెరుస్తుంది. చక్రం చుట్టూ ఉండే రబ్బరుకు తుప్పు పట్టదు.

దుమ్ము కోసం కొన్న పొడులతో పాటు అసలు మట్టినీ వాడాను. మా ఊరి ఎర్రమట్టిని ఎండబెట్టి, రోట్లో నూరి, ఆయుర్వేద వైద్యులు చూర్ణాలను చేసినట్టు వస్త్రగాలితం పట్టాను. పల్చటి గుడ్డలోంచి రాలిన ఆ పొడి 1:35 కొలతకు సరిపోయేంత మెత్తగా ఉంది. థిన్నర్‌తో కలిపి చక్రాల మీద, కింది పలకల మీద అద్దాను. రాజస్థాన్ ఇసుకలో తిరిగిన వాహనమైతే లేత పసుపు దుమ్ము పై దాకా పేరుకోవాలి. నల్లరేగడిలో తిరిగితే గొలుసుల సందుల్లో ముద్దలు కట్టాలి. నాది కర్మాగారం దాటి మొదటి పరీక్షకు వెళ్లొచ్చిన సారథ్. కాబట్టి ఎర్రమట్టి చాలు, అదీ మోకాలెత్తు దాకానే.

వెనక తలుపు తెరిస్తే

యుద్ధ వాహనాలను బొమ్మలుగా చేసుకోవడం ఏమిటని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి నా జవాబు వెనక తలుపుల దగ్గర దొరికింది.

ట్యాంకుల్లో సాధారణంగా ఇంజను వెనక ఉంటుంది. సారథ్‌లో ముందుంటుంది, డ్రైవరుకు కుడిపక్కన. సైనికులు వెనక నుంచి దిగాలి కాబట్టి ఈ ఏర్పాటు. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు పదాతి సైనికులు. ఆ ఏడుగురిలో ఒకరు డ్రైవరు వెనక, ఆరుగురు వెనక గదిలో, ఇటు ముగ్గురు అటు ముగ్గురు, వీపు వీపుకు ఆనించి. ఆ గది ఎంత ఇరుకో ఫొటోలో తెలియదు. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి ఈ కొలతలో 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అలాంటి ఆరుగురిని తుపాకులతో సహా ఆ పెట్టెలో కూర్చోబెట్టడానికి ప్రయత్నించినప్పుడు మోకాళ్లు గోడను తాకాయి, తలలు పైకప్పును తాకాయి.

వాళ్ల వీపుల మధ్య ఉన్న ముక్క ఏమిటా అని సూచనల కాగితం చూశాను. ఇంధన ట్యాంకు. తలుపులు అంత లావుగా ఎందుకున్నాయో కూడా అప్పుడే తెలిసింది. అవీ డీజిలు నింపే తొట్లే. వీపు వెనక ఇంధనం, బయటికి వెళ్లే దారిలో ఇంధనం. వాహనం ఎత్తు తగ్గించి, శత్రువు కంట పడకుండా, నీటి మీద తేలేంత తేలిగ్గా ఉంచడానికి రూపకర్తలు వేసుకున్న లెక్క అది. ఆ లెక్క నడుమ కూర్చునేది మనుషులు.

ఆ రోజు పని ఆపేశాను. కవాతులో పదిహేను సెకన్లు చూసి చప్పట్లు కొట్టినప్పుడు నాకు ఈ ఆరుగురు కనిపించలేదు. ముక్కలు కలిపితేనే కనిపించారు. యుద్ధాన్ని ఆటగా మార్చడానికి మోడల్ చేయనక్కర్లేదు, దానికి వేరే దారులు చాలా ఉన్నాయి. లోపల కూర్చునే మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి మాత్రం ఇది మంచి దారి. నా సారథ్‌కు వెనక తలుపులు మూయలేదు. తెరిచే ఉంచాను, లోపలి బల్లలు కనిపించేలా.

మొదలుపెట్టాలనుకుంటే

• మొదటి కిట్టు ముక్కలు తక్కువున్నది తీసుకోండి. గొలుసు విడివిడి లింకులుగా కాక, ఒకే మెత్తని పట్టీగా వచ్చేదైతే సులువు.

• కట్టర్, సన్నని కత్తి, చిన్న ఆకురాయి, 400 నుంచి 1000 దాకా గరుకు కాగితాలు, పట్టకారు, ప్లాస్టిక్ సిమెంటు, రెండు కుంచెలు చాలు. ఎయిర్ బ్రష్ తర్వాత కొనుక్కోవచ్చు.

• నీటితో కలిసే యాక్రిలిక్ రంగులు ఇంట్లో వాడటానికి మేలు. సిమెంటు, థిన్నర్, స్ప్రే వాడేటప్పుడు కిటికీలు తెరవాలి, మాస్కు పెట్టుకోవాలి. గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రాస్తే దుమ్ము లేవదు.

• కత్తిని ఎప్పుడూ మీ వేలికి ఎదురుగా కాక అవతలికి నడపండి. పిల్లలతో చేస్తుంటే కోసే పని పెద్దలే చూసుకోవాలి.

• ముక్కలను ముందు పొడిగా పేర్చి చూసుకుని, సరిపోయాకే సిమెంటు తాకించండి.

పిల్లల చేతిలోని ఫోను లాక్కోవడం మనందరికీ తెలిసిన పద్ధతి. లాక్కున్న తర్వాత ఆ చేతిలో ఏం పెట్టాలన్నదే తెలియడం లేదు. ఒక ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని ఒక చక్రం అంచు గీత మీరు తీయండి, ఒకటి వాళ్లతో తీయించండి. ట్యాంకే కానక్కర్లేదు. ట్రాక్టరు కావచ్చు, ఓడ కావచ్చు, ఆర్టీసీ బస్సు కావచ్చు. చేత్తో చేసిన వస్తువు పక్క నుంచి ఆ పిల్లలు ఇంకెప్పుడూ చూడకుండా వెళ్లరు.